అమ్మ దిద్దిన లెక్కలు

వంటగది బల్ల దగ్గర, ఆదివారం

అత్తా,

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ నీ చెవుల సంగతి నీకు తెలుసు కదా. "మా ఉడతకి లెక్కలు రావడం లేదు" అని నేను గొంతు చించుకుంటే "ఎవరికి రెక్కలు వచ్చాయే?" అంటావు. పైగా మా ఇంట్లో తలుపు చాటున ఎనిమిదేళ్ల చెవులు రెండు ఎప్పుడూ కాపలా కాస్తుంటాయి. అందుకే ఉత్తరం.

దాని క్లాసు టీచరు చీటీ రాసి పంపింది. ఇంటికిచ్చిన లెక్కలన్నీ తప్పులేనట, ఇంట్లో కాస్త శ్రద్ధ పెట్టమంది. చదివేసరికి నాకు ఒళ్లు మండింది. వార్డులో డ్యూటీ దిగి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా రోజూ దీన్ని పక్కన కూర్చోబెట్టుకునేది నేనే. మీ అల్లుడు తెల్లవారకముందే బస్సు తీస్తాడు. సాయంత్రానికి సోఫాలో కూలబడి గుర్రు పెడతాడు. ఇంకెంత శ్రద్ధ పెట్టాలి?

మొన్నటి సంగతి చెప్తాను, నువ్వే చెప్పు. యాభై మూడులోంచి ఇరవై ఏడు తీసెయ్యాలి. ఇరవై ఆరు అని రాసి కూర్చుంది. "ఇరవై ఆరు ఎక్కణ్ణుంచి ఊడిపడిందే? అయిదులో రెండు పోతే మూడు, ఏడులో మూడు పోతే నాలుగు, ముప్పై నాలుగు!" అన్నాను. అది నా మొహం వంక చూసింది. తర్వాత రబ్బరు తీసుకుని మెల్లగా చెరిపి నేను చెప్పింది రాసింది. చెరుపుతుంటే దాని చెయ్యి వణికింది అత్తా.

నేను పిల్లల వార్డు నర్సుని. సూది పట్టుకుని నేను కనబడితే ఎవరి పిల్లలైనా ఏడుస్తారు, అది నా ఉద్యోగం. కానీ నా కన్నబిడ్డ నన్ను చూసి వణకడమేమిటి?

అమ్మ పోయాక నాకు కూడికలు నేర్పింది నువ్వు. ఒక్కనాడు గొంతు పెంచలేదు. ఎలా చెప్పేదానివో ఇప్పుడు నాకు ఒక్కటీ గుర్తు రావడం లేదు. రాసి పంపు. నాకు ఓపిక తగ్గిపోతోంది. సాయంత్రమయ్యేసరికి పుస్తకంలో అంకెలు చీమల్లా కదులుతున్నాయి. అలసటలే.

నీ మేనకోడలు

*

నా గది, కిటికీ పక్కన

తల్లీ,

ముందు దాని చేతిలోంచి పెన్సిలు తీసెయ్యి. పెన్సిలు పట్టుకున్న పిల్లకి జవాబు మీదే ధ్యాస ఉంటుంది, లెక్క మీద ఉండదు.

అగ్గిపెట్టెలు కొని పుల్లల తలలు విరిచెయ్యండి. పదేసి పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు. ఆ కట్టలు కట్టే పని దానిదే, నువ్వు వేలు పెట్టకు. ఇప్పుడు నీ యాభై మూడునే తీసుకో. అయిదు కట్టలు, మూడు విడి పుల్లలు. "నాకు ఏడు పుల్లలు ఇవ్వమ్మా" అని చెయ్యి చాపు. దాని దగ్గర విడిగా ఉన్నవి మూడే. అది కాసేపు నిన్ను చూస్తుంది, కట్టల్ని చూస్తుంది, చివరికి ఒక కట్ట విప్పుతుంది. ఆ విప్పడం కోసమే ఇదంతా. పుల్లలు బల్ల మీద చెల్లాచెదురుగా పడగానే పిల్ల మొహం చూడు. పక్కింటి పది తెచ్చుకోవడం అంటే ఏమిటో అప్పుడు దాని చేతులకి తెలుస్తుంది. పదమూడులో ఏడు నీకిచ్చేస్తే మిగిలేవి ఆరు. నాలుగు కట్టల్లో రెండు ఇచ్చేస్తే మిగిలేవి రెండు. ఇరవై ఆరు.

ఇరవై ఆరేనమ్మా. ఉడత రాసిందే రైటు. నువ్వు మూడులోంచి ఏడు తియ్యాల్సింది పోయి, ఏడులోంచి మూడు తీశావు. రెండో తరగతి పిల్లలు రోజూ చేసే తప్పే అది. పొయ్యి మీద ఏదో మాడుతుండగా చూసుంటావు. "నీదే రైటు, అమ్మే తప్పు చేసింది" అని దానికి చెప్పెయ్యి. నీ కిరీటమేమీ పడిపోదు.

ఇంకొకటి. జవాబు తప్పైనప్పుడే "ఎలా వచ్చింది?" అని అడగడం మానెయ్యి. రైటైనప్పుడు కూడా అడుగు. లేకపోతే ఆ మాట వినగానే పిల్లలు రబ్బరు కోసం వెతుక్కుంటారు.

వేళ్ల ఆట కూడా ఆడించు. దాని చెయ్యి తువ్వాలు కింద పెట్టించి నువ్వు ఒక వేలు ముట్టుకో. చూడకుండా ఏ వేలో చెప్పాలి. తర్వాత నీ వంతు. వేళ్లు విడివిడిగా తెలిసిన పిల్లలకి అంకెలు తొందరగా పట్టుబడతాయి. నా క్లాసులో కొత్త పిల్లలందరితో ముందు ఇదే ఆడించేదాన్ని.

చీమలు ఎప్పటినుంచి కదులుతున్నాయి? కళ్ల డాక్టరుకి చూపించావా?

మీ అత్త

*

ఇల్లు, బుధవారం. కాదు, గురువారం

అత్తా,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. పుల్లలు కొన్నాం. బల్ల నిండా అవే. ఉడత కట్టలు కట్టి చెప్పుల అల్మారాలో దాచుకుంటోంది, మీ అల్లుడు బూటు తొడుక్కోబోతే అందులోనూ ఒక కట్ట దొరికింది. మేం బాగున్నాం.

ఇక్కడిదాకా రాసి ఆగిపోయాను. మూడు రోజులకి మళ్లీ మొదలుపెడుతున్నాను. ఏం దాచినా నువ్వు కనిపెట్టేస్తావు.

క్లాసు టీచరు నన్ను బడికి పిలిచింది. పిల్లల కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, "మేడమ్, తప్పుగా అనుకోకండి. నా ముందు చేసిన లెక్కల్లో పాపకి ఒక్క తప్పూ రాదు. ఇంటినుంచి తెచ్చినవే తప్పులు. చాలా చోట్ల ముందు రైటు రాసి చెరిపినట్టు కనిపిస్తోంది. ఇంట్లో ఎవరు చెప్తారు దానికి?" అంది.

"వాళ్ల నాన్న" అన్నాను.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చేసిందో! ఇంటికొస్తూ దారంతా అదే అనుకున్నాను. ఎందుకు ఆడాను? నాకేదో ముందే తెలిసినట్టు.

ఆ సాయంత్రమే వేళ్ల ఆట ఆడాం. ఉడత ఒక్కటి కూడా తప్పలేదు. "ఇప్పుడు నువ్వమ్మా" అంటూ నా చేతి మీద తువ్వాలు కప్పింది. మెత్తగా ముట్టుకుంది. "చూపుడు వేలు" అన్నాను. "రైటమ్మా" అంది. "ఇది మధ్య వేలు." "రైటు." "మళ్లీ చూపుడు వేలు." "రైటు." దాని గొంతు చిన్నదైపోతోంది. నాకెందుకో అనుమానం వచ్చి తువ్వాలు లాగేశాను. అది నా చిటికెన వేలు పట్టుకుని ఉంది.

మళ్లీ ఆడించాను. కళ్లు మూసుకుంటే నా చెయ్యి చేతిలా లేదత్తా. ఒక ముద్దలా ఉంది. ఎవరో పట్టుకున్నారని తెలుస్తోంది, ఎక్కడ పట్టుకున్నారో తెలియడం లేదు. పిల్ల నావైపు చూడకుండా తువ్వాలు మడతపెట్టి, "ఈ ఆట నాకు నచ్చలేదమ్మా, మానేద్దాం" అంది.

ఇంకా ఉన్నాయి. కుడి, ఎడమ అంటే ఒక్క క్షణం ఆలోచించాల్సి వస్తోంది. చెప్పులు ఒకదానికొకటి మార్చి వేసుకుని వీధి చివరిదాకా వెళ్లిపోయాను. ఈ ఉత్తరంలో ఎన్ని కొట్టివేతలున్నాయో చూస్తున్నావుగా. కొన్ని అక్షరాలు ఎటు తిరగాలో చేతికి గుర్తు రావడం లేదు.

అలసటే అయ్యుంటుంది, కదా? అవునని రాయి. ఎవరికీ చెప్పకు. మీ అల్లుడికి అసలే వద్దు, రోడ్డు మీద బస్సు నిండా జనాన్ని పెట్టుకుని తిరిగే మనిషి. నా మీద ఒట్టు.

నీ మేనకోడలు

*

నా గది

తల్లీ,

అవునని రాయలేను.

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేవలేకపోయాను. పక్కింటి పిల్లలు లెక్కలకి వచ్చి తలుపు కొట్టి కొట్టి వెళ్లిపోయారు. చెవుడు కాదు. వినబడుతూనే ఉంది.

అలసిపోయిన మనిషి లెక్క తప్పుతుంది. చెప్పులు కూడా మార్చి వేసుకుంటుంది. కానీ తన వేలు తనకి తెలియకపోవడం అలసట కాదమ్మా. నువ్వు ఆసుపత్రిలో పనిచేస్తున్నావు. మెట్లెక్కితే డాక్టర్లున్నారు. వెళ్లు. రేపే వెళ్లు.

ఒక్క మాట అడుగుతాను, దానికి తిన్నగా జవాబు చెప్పు. వార్డులో ఆ పసిపిల్లలకి మందు కొలుస్తున్నది ఎవరు?

అత్త

*

ఆసుపత్రి, నర్సుల గది

అత్తా,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. నేనే కొలిచాను.

పిల్లల మందంటే బరువును బట్టి లెక్క. గుణించాలి, భాగించాలి, చుక్క ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. ఇన్నేళ్లూ అది నాకు లెక్కే కాదు, ఊపిరి పీల్చినట్టు అలవాటు. పోయిన వారం ఒక బాబుకి ఒకటిన్నర మిల్లీలీటర్లు ఎక్కించాలి. నేను సిరంజి నింపి మంచం దగ్గరికి వెళ్లాను. కొత్తగా చేరిన అమ్మాయి ట్రే పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. "సిస్టర్, అది పదిహేనా? ఒకటిన్నర కాదూ?" అంది.

పెద్ద సిరంజి. అసలు ఆ సైజు సిరంజి నేను ఎందుకు తీశానో, తీస్తుంటే నాకెందుకు తేడాగా అనిపించలేదో! చూశాను. పదిహేను. చూస్తున్నా కూడా అందులో తప్పేమిటో నాకు కనబడలేదత్తా. ఆ అమ్మాయి మొహం చూసి తప్పని నమ్మాను. "నిద్ర చాలలేదు, నువ్వు నింపు" అని చేతిలో పెట్టేశాను. ఆ బాబు తల్లి ఏమీ ఎరగదు. నా చెయ్యి పట్టుకుని, "మీరుంటే ధైర్యంగా ఉంటుంది సిస్టర్" అంది.

ఇప్పుడు మందులన్నీ ఆ అమ్మాయి చేతే నింపిస్తున్నాను, నేర్చుకోవాలి కదా అని సాకు చెప్పి. అంతా జాగ్రత్తగానే జరుగుతోంది. నువ్వు కంగారు పడకు.

డాక్టరు దగ్గరికి వెళ్లను. ఇప్పుడే కాదు. స్కాన్ గదిలోకి కబుర్లు చెప్తూ నడిచి వెళ్లినవాళ్లని నేను చూశాను. బయటికొచ్చేటప్పుడు వాళ్ల వాళ్లు పట్టుకుని నడిపిస్తారు. జబ్బు వాళ్లకి లోపల పట్టుకోలేదు, ముందునుంచే ఉంది, నాకూ తెలుసు. కానీ పేరు పెట్టేదాకా అది అలసటే. ఉడత పరీక్షలు అయిపోనీ.

దాన్ని అడిగాను, రైటు జవాబులు ఎందుకు చెరిపావని. "ఒకసారి నీది తప్పని చెప్పాను కదమ్మా. అప్పుడు నువ్వు బాత్రూంలోకి వెళ్లి నీళ్లు వదిలావు. నీళ్లు వదిలినా నీ ఏడుపు వినబడింది. అందుకని ఇంక చెప్పలేదు" అంది.

నాకు చాలా భయంగా ఉంది. నువ్వు మాత్రం ఏమీ చెయ్యకు.

నీ మేనకోడలు

*

నా గది, తెల్లవారుతోంది

తల్లీ,

నీ ఒట్టు తప్పాను.

ఈ ఉత్తరం నీకు అందేసరికి ఇంకో రెండు ఉత్తరాలు చేరి ఉంటాయి. ఒకటి అల్లుడికి, ఒకటి మీ హెడ్ సిస్టరుకి. నువ్వు నాకు రాసింది రాసినట్టు చెప్పాను. పదిహేను సంగతి కూడా.

రాయకుండా ఉండాలని ఎంతో చూశాను. చిన్నప్పటినుంచి నువ్వు నాకు చెప్పుకున్నవి ఏవీ నేను బయటపెట్టలేదు, అందుకే ఇది కూడా నాకే చెప్పావు. కవరు అంటించి మళ్లీ చింపాను. కానీ ఆ అమ్మాయికి ఒకరోజు సెలవు ఉంటుంది. ఇంకో చోట పని పడుతుంది. ఆ రోజు ట్రే పట్టుకుని నీ పక్కన ఎవరుంటారు? కళ్లు మూసుకుంటే నాకు నువ్వు కనబడటం లేదు, ఆ మంచాలు కనబడుతున్నాయి. ఒక పిల్లాడికేమైనా అయితే నీ జబ్బు నయమైనా నువ్వు బతకవు.

ఇంట్లో ఒక చిన్నపిల్ల నీ తప్పు దాచిపెడుతోంది. నేను కూడా దాచిపెడితే ఆ పిల్లకీ నాకూ తేడా ఏముంది?

నన్ను తిట్టుకో. మాట్లాడకపోయినా సరే. స్కాన్‌కి వెళ్లు.

అత్త

*

ఇల్లు

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

మీ ఉత్తరాలు చేరవలసిన చోట్లకి చేరాయి. మీరు కోరుకున్నట్టే అంతా జరిగింది.

హెడ్ సిస్టర్ నన్ను తన గదిలోకి పిలిచారు. మీ ఉత్తరం బల్ల మీద ఉంది. "ఈవిడెవరు?" అని అడిగారు. మా మేనత్త అన్నాను. "నిజమేనా?" అన్నారు. నేను తలూపాను. ఆవిడ చెయ్యి చాపి, "మందుల బీరువా తాళాలు ఇలా ఇవ్వమ్మా" అన్నారు. వార్డులో అందరూ చూస్తుండగా యాప్రాన్ విప్పి వెళ్లిపోయాను. మీకు తెలియాలని రాస్తున్నాను.

మీ అల్లుడు బస్సు డిపోలో వదిలేసి యూనిఫాంలోనే ఆసుపత్రికి వచ్చేశాడు. మెట్ల మీద నన్ను పట్టుకుని, "నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు. "భయపడతారని" అన్నాను. "మరి ఇప్పుడేం చేస్తున్నాననుకుంటున్నావు?" అన్నాడు. చేతిలో టోపీని నలిపేస్తున్నాడు. పదేళ్లయింది పెళ్లయి, అలా ఎప్పుడూ చూడలేదు.

స్కాన్‌లో గడ్డ కనబడింది. ఎడమవైపు, చెవికి పైన, కొంచెం వెనకగా. డాక్టరు బొమ్మ వేసి చూపించారు. "లెక్కలు, వేళ్లు, కుడి ఎడమలు, రాత, ఈ నాలుగూ పక్కపక్క ఇళ్లలో ఉంటాయమ్మా. ఆ ఇళ్ల కప్పు మీద ఇది కూర్చుంది. చాలా మెల్లగా పెరిగినట్టుంది. మంచి గడ్డే కావచ్చు, క్యాన్సర్ కాకపోవచ్చు. తీసి చూస్తేగాని చెప్పలేం" అన్నారు. తీస్తే ఏమవుతుందని మీ అల్లుడు అడిగాడు. మాట తడబడొచ్చట. కుడి చెయ్యి పట్టు తప్పొచ్చట. ఇంకా ఏదో అన్నారు, నాకు వినబడలేదు. గోడ మీద బొమ్మలో నా తల ఉంది. అందులో ఆ తెల్లటి ముద్ద, ఉడత పిడికిలంత ఉంది.

ముందు ఎవరు కనిపెట్టారని డాక్టరు అడిగారు. మా అత్త అని చెప్పాను. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే కష్టమయ్యేదన్నారు.

అత్తా, మీరు మీరు అని రాస్తుంటే చెయ్యి నొప్పెడుతోంది. ఇంక నా వల్ల కాదు.

నిన్ను క్షమించలేదు. ఆ తాళాలు ఇచ్చేటప్పుడు నాకెలా ఉందో నీకు తెలీదు. అయినా రా. వచ్చే వారం ఆపరేషన్. గుండు చేస్తారట. ఉడత రోజంతా నా చుట్టూ తిరుగుతోంది, బాత్రూం తలుపు దగ్గర కూడా కూర్చుంటోంది. నేను లోపల ఉన్నంతసేపూ దాన్ని ఎవరు పట్టుకుంటారు? వాళ్ల నాన్న తనని తనే పట్టుకోలేకుండా ఉన్నాడు.

నాకు భయంగా ఉందత్తా. నిద్రపుచ్చాక మళ్లీ లేవనేమో. లేచినా లేచేది నేను కాదేమో. రా.

*

నా గది. వానలు మొదలయ్యాయి

తల్లీ,

క్షేమంగా చేరాను. రైలు దిగి ఇంట్లోకి రాగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అక్కడున్నన్నాళ్లూ నీతో చెప్పలేనిది ఒకటుంది. నీ తలకి కట్టుంది, మాటకి మాటకి మధ్య ఎంతో ఎడం ఉంది. అప్పుడు చెప్పే సంగతి కాదది. ఇప్పుడు నీ తల కుదుటపడింది, గడ్డ మంచిదేనని కాగితం కూడా వచ్చింది. ఇంక చెప్పాలి.

నిన్ను లోపలికి తీసుకెళ్లిన రోజు అల్లుడు వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తూనే ఉన్నాడు. నేనూ ఉడతా బెంచీ మీద కూర్చున్నాం. నువ్వు ఒట్టు పెట్టావు, నేను తప్పాను, లోపల నీకేమైనా అయితే నిన్ను ఆ బల్ల ఎక్కించింది నేనే. అదొక్కటే తిరుగుతోంది బుర్రలో. అంత పెద్దదాన్ని, పిల్లకి ధైర్యం చెప్పాల్సినదాన్ని, దాని చెయ్యి పట్టుకుని నేనే కూర్చున్నాను.

చాలాసేపటికి అది, "అమ్మమ్మా, అమ్మ లేచాక నేనెవరో తెలుస్తుందా?" అంది.

తెలుస్తుంది అనడం ఎంతసేపు! కానీ ఆ పిల్ల కళ్లలోకి చూశాక అబద్ధం రాలేదు. "తెలుస్తుందనే డాక్టరు అన్నారు. నాకు మాత్రం భయంగానే ఉంది" అన్నాను. అది తలూపింది. నిజం చెప్పినందుకేమో, దగ్గరికి జరిగింది. జరిగి, నా చెవిలో కాదు, చీర కొంగులోకి చెప్పినట్టు అంది: "అమ్మ లెక్కలు తప్పని నాకు ముందే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. రైటువి చెరిపేశాను. చెప్పుంటే అప్పుడే నయమయ్యేది కదా? నావల్లే కదా ఆ గడ్డ అంత పెద్దదైంది?"

ఎనిమిదేళ్ల పిల్లమ్మా. ఎన్నాళ్లనుంచి మోస్తోందో ఆ మాట.

దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. "అమ్మ ఏడవకూడదని చూసుకున్నావు. నువ్వు చేసింది అంతే. అమ్మ జబ్బు కనిపెట్టాల్సింది పెద్దవాళ్లం, నీ పని కాదది" అని చెప్పాను. విన్నది. నమ్మిందో లేదో తెలీదు. నువ్వు లేచి, మొదట దాని పేరే తడుముకుంటూ పలికావని నర్సు చెప్పినప్పుడు అందరం ఏడ్చాం, అది మాత్రం ఏడవలేదు. నీ మంచం దగ్గర ఎలా నిలబడేదో నువ్వు గమనించావా? నువ్వు చెంచా తప్పు చేతిలోకి తీసుకుంటే గబుక్కున సర్దేసేది, నువ్వు చూసుకునేలోపే. ఇంకా దాచిపెడుతూనే ఉంది.

దాని భయం నా మాటతో పోదు. నీ తప్పు నీ మొహం మీదే తప్పని అది చెప్పాలి, చెప్పినా నువ్వు విరిగిపోవని దాని కళ్లతో చూడాలి. అదెలా చేయిస్తావో నాకు తెలీదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను గానీ, ఇది నాకు నేర్పడం రాదు.

మందులు మానకు.

మీ అత్త

*

ఇల్లు, కిటికీ దగ్గర

అత్తా,

నేనే రాస్తున్నాను. కుడి చేతి వేళ్లు ఇంకా మొద్దుగానే ఉన్నాయి, అందుకే గీత గీతకీ ఆగుతున్నాను. రోజుకి కాసేపే రాయగలను. నీ ఉత్తరం చదివిన రోజు ఏమీ తినలేకపోయాను.

ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి నాకు లెక్కలు ఇచ్చింది, మూడో తరగతి పిల్లలవే. ఇంట్లో ఎవరైనా పక్కన కూర్చుని చేయించాలంది. మీ అల్లుడు కూర్చున్నాడు. మొదటి లెక్కకే కళ్లు తుడుచుకుని లేచిపోయాడు. అప్పుడు ఉడత వచ్చి కుర్చీ లాక్కుంది.

చాలా రోజులు ఏం జరిగిందో విను. నేను తప్పు చెప్తే, "పర్లేదమ్మా, దగ్గరికొచ్చావు" అనేది. ఇంకా తప్పైతే, "ఈ లెక్క మంచిది కాదు, వేరేది చేద్దాం" అనేది. అంటున్నంతసేపూ కుర్చీ అంచు గట్టిగా పట్టుకునేది. నాకు ఆ చెయ్యే కనబడేది. అడగాలని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. అది నిజంగా తప్పు అంటే నాలో ఏదో తెగిపోతుందేమోనని నాకూ భయమేనత్తా. ఇద్దరం బల్లకి చెరోవైపు అలాగే కూర్చున్నాం.

నిన్న నలభై రెండులోంచి పద్దెనిమిది తీసెయ్యాలి. ముప్పై ఆరు అన్నాను. అది "దగ్గరి..." అంటూ మొదలుపెట్టింది. నేను దాని చెయ్యి కుర్చీ మీదనుంచి తీసి నా చేతిలో పెట్టుకున్నాను.

"అమ్మకి నిజంగా తెలీడం లేదమ్మా. రైటో తప్పో చూసుకునే చోటే పాడైంది. నువ్వు చెప్తేనే నాకు తెలుస్తుంది. నువ్వు కూడా చెప్పకపోతే చీకట్లో ఉన్నట్టుంటుంది. ఏడిస్తే ఏడుస్తాను, తర్వాత ఆగిపోతాను. చెప్పు" అన్నాను.

దాని మొహం పాలిపోయింది. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే కుట్ల దగ్గర తెలిసింది.

"తప్పు" అంది. ఊపిరంత గొంతుతో.

అని, కళ్లు గట్టిగా మూసుకుంది. నేను ఏమైపోతానో చూడలేక.

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఈసారి బాత్రూంలోకి వెళ్లలేదు, దాని ముందే ఏడ్చాను. కాసేపటికి ఆగిపోయింది. అది ఒక కన్ను తెరిచి చూసింది. "ఆగిపోయిందా?" అంది. "ఆగిపోయింది. ఇంకోసారి చెప్పు" అన్నాను. "తప్పమ్మా." "వినబడలేదు, నేను మీ అమ్మమ్మననుకో." "తప్పు!" అని అరిచింది. సోఫాలో మీ అల్లుడు ఉలిక్కిపడి లేచి, "నేనేం చేశానే?" అన్నాడు. అప్పుడొచ్చిందత్తా దానికి ఏడుపు. ఆపరేషన్ రోజునుంచి దాచుకున్నదంతా వచ్చింది. ముగ్గురం ఆ బల్ల దగ్గరే కూర్చుండిపోయాం.

భయం పోయిందని రాయలేను. చలికాలంలో మళ్లీ స్కాన్ ఉంది. హెడ్ సిస్టర్ ఇంటికొచ్చి చూసి వెళ్లారు. వార్డులోకి తీసుకుంటామన్నారు, పిల్లల్ని ఎత్తుకోవడానికి, తల్లులతో మాట్లాడటానికి. మందుల బీరువా సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంకెప్పటికీ నా చేతికి రాకపోవచ్చు. ఆ బాబు మంచం ఇప్పటికీ కల్లోకి వస్తోంది. నువ్వు ఆ ఉత్తరం రాయకపోయుంటే ఆ కల ఎలా ముగిసేదో నాకు తెలుసు.

క్షమించానని రాయమంటావా? రాయను. వచ్చినప్పుడు చెప్తాను, నీ మంచి చెవి వైపు కూర్చుని.

ఉత్తరం మడతపెట్టబోతుంటే ఉడత అడ్డొచ్చింది. కింద ఏదో రాయాలట.

నీ మేనకోడలు

అమ్మమ్మా, అమ్మ ఈ ఉత్తరంలో నాలుగు చోట్ల తప్పు రాసింది. నేను ఎర్ర పెన్సిలుతో దిద్దాను. అమ్మ పక్కనే కూర్చుని చూసింది. ఒకచోట నేను దిద్దిందే తప్పు అంది. నాన్నని అడిగితే అమ్మదే రైటంట. రబ్బరుతో చెరిపేశాను.